మంగళవారం రాని ఫోన్

శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు స్టేషన్‌లో ఆయమ్మ ఎదురుగా కూర్చున్నాను. మంగళవారం నుంచీ లాకప్‌లోనే ఉంచి, కాగితాల మీద మాత్రం అరెస్టు నిన్న చేసినట్టు రాసుకున్నారు. ఐదింటికి ఆమెను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడి నుంచి నేరుగా జైలు. బెయిల్ ఇప్పించడానికి ఆమెకు వెనకా ముందూ ఎవరూ లేరు. నేను ఏం చేసినా ఈ మూడు గంటల్లోపే చెయ్యాలి.

కేసు చిన్నదే. మూడేళ్లుగా పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయనను ఎవరో ముఖం మీద దిండు నొక్కి చంపేశారు. మంగళవారం మధ్యాహ్నం మూడుకీ మూడున్నరకీ మధ్య అని డాక్టరు రాశాడు. ఆ సమయంలో కోడలు బడిలో కంప్యూటర్ పాఠం చెబుతోంది. కొడుకు ఆఫీసులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది పెద్దాయన ఆలనా పాలనా చూసే ఆయమ్మ ఒక్కతే. అది చాలదన్నట్టు, మూడూ పదికి ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో ఇంటి కెమెరా చూశాననీ, ఆయమ్మ మంచం పక్కన దిండు పట్టుకుని నిలబడి ఉందనీ, పక్క సర్దుతోందనుకున్నాననీ కొడుకు వాంగ్మూలం ఇచ్చాడు. పోలీసులకు ఇంకేం కావాలి, కాళ్లు బారజాపుకుని కూర్చున్నారు.

నాకు ఏడుపులు పడవు. ఆ మాట ఆమెకు ముందే చెప్పాను. ఆయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, నేను అడిగినవాటికి మాత్రమే జవాబు చెప్పింది. మంగళవారం పొద్దున పదకొండున్నర ప్రాంతంలో కరెంటు పోయిందట, పావుగంటలో వచ్చిందట. అప్పటి నుంచి పెద్దాయన గదిలో ఏసీ కారడం మొదలైంది. అంతకుముందు ఎప్పుడూ కారలేదు. మొదట గుడ్డ వేసింది, అది తడిసి ముద్దయ్యాక రెండున్నరకి ఎర్ర బకెట్ తెచ్చి మంచం కాళ్ల వైపు పెట్టింది. మూడు కావడానికి పది నిమిషాలుండగా ఉతికిన దుప్పట్లు పట్టుకుని డాబా మీదికి వెళ్లింది. ఆరేసింది. నీళ్ల ట్యాంకు నీడలో కాసేపు నడుం వాల్చింది. కన్ను అంటుకుంది.

లేచి కిందికొచ్చేసరికి మూడూ ముప్పై అయిదు. గదిలో అడుగు పెడుతూనే బకెట్ కాలికి తగిలి నీళ్లన్నీ నేల మీద పోయాయి. బకెట్‌ని తీసుకెళ్లి బాత్‌రూంలో పడేసి, నేల తుడిచి, అప్పుడు తలెత్తి పెద్దాయన వైపు చూసింది. దిండు తల కింద లేదు. పొట్ట మీద ఉంది. కొడుక్కి ఫోన్ చేసింది. అతను నాలుగింటికి వచ్చాడు.

పెద్దాయన మీద ఎప్పుడైనా విసుక్కున్నావా అని అడిగాను. విసుక్కున్నానంది. ఎవరైనా విసుక్కుంటారంది. ఆ మాటకి నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. అబద్ధం ఆడదలుచుకున్న మనిషి అలా చెప్పదు.

“మనిషిని ఒంటరిగా వదిలేసి నిద్రపోయానమ్మా,” అంది చివర్లో. “దానికి ఏ శిక్ష వేసినా పడతాను. చంపానంటే మాత్రం ఒప్పుకోను.”

లేచి బయటికొస్తుంటే గుమ్మంలో నా శిష్యుడు అడ్డం వచ్చాడు. ఈ స్టేషన్ ఇన్‌స్పెక్టర్. పంచనామా ఎలా రాయాలో, సాక్షిని ఎలా కూర్చోబెట్టి మాట్లాడాలో, ఆఖరికి చొక్కా ఎలా టక్ చేసుకోవాలో కూడా వీడికి నేర్పింది నేనే. పద్నాలుగేళ్ల తర్వాత వీడే నా మీద, సాక్షిని బెదిరించానని రిపోర్టు రాశాడు. అది అబద్ధం. ఉద్యోగం వదిలేసి ఇలా ఇళ్ల చుట్టూ తిరిగే డిటెక్టివ్‌ని అయ్యాను. నన్ను ఇప్పటికీ గురువు గారూ అనే పిలుస్తాడు, నలుగురిలో మరీ గట్టిగా.

ఆ రోజూ అలాగే పిలిచి, ఏమైనా దొరికిందా అని అడిగాడు. ఏమీ దొరకలేదన్నాను. దొరకదన్నాడు. బకెట్ సంగతి విన్నారా అన్నాడు. ఆ మాట అడగడం కోసమే వాడు నాకు ఎదురొచ్చాడని అర్థమైంది, ఎందుకంటే బకెట్టే వాడి తురుపు ముక్క.

“బకెట్ పెట్టింది రెండున్నరకి. తీసేసింది మూడూ ముప్పై అయిదుకి. ఈ రెండూ ఆమె నోటితోనే చెప్పింది. కొడుకు నాలుగింటికి వచ్చేసరికి గదిలో బకెట్ లేదు. బకెట్ మాట ఆమె అతనితో అనలేదు. కానీ మంచం కాళ్ల దగ్గర ఎర్ర బకెట్ ఉందని అతను నాతో మంగళవారమే చెప్పాడు. ఆ గంటలో గదిని చూడకపోతే అతనికెలా తెలుస్తుంది, గురువు గారూ? కెమెరాలో చూశాడు కాబట్టే తెలిసింది.”

నాకు కారం రాసినట్టయింది, ఎందుకంటే వాడు చెప్పింది కాదనడానికి లేదు. చూశాడని నేనూ ఒప్పుకుంటానన్నాను. ఒప్పుకుంటే ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమన్నాడు. నేను ఇంటికే వెళ్లాను, కాకపోతే మా ఇంటికి కాదు.

రెండూ నలభైకి టీచరమ్మ తలుపు తీసింది. పెద్దాయన కోడలు. బుధవారం పొద్దున నా దగ్గరికి వచ్చి, ఆయమ్మ ఈ పని చెయ్యలేదు, మీరు పట్టించుకోండి అని అడిగింది ఈమే. ఎలా చెప్పగలవని అడిగితే, ఆయమ్మ అలాంటిది కాదని మాత్రం అంది. మామగారు పోయిన మర్నాడే మొగుడి మాటకు అడ్డం తిరిగి డిటెక్టివ్ దగ్గరికి పరుగెత్తిన ఆడదాన్ని ఇంకో రెండు ప్రశ్నలు అడగాలని నాకు తోచలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసు ఎందుకు, తగలెయ్యనా?

పెద్దాయన గది పది అడుగులుండదు. గోడవారగా ఇనప మంచం, తల వైపు మందుల స్టూలు, కాళ్ల వైపు పైన ఏసీ. ఏసీ కింద నేల మీద సున్నం కలిసిన నీళ్ల మరక ఇంకా ఉంది. తలుపు పైన గుండ్రటి కెమెరా. స్టూలెక్కి కెమెరా పక్కన తల పెట్టి చూశాను. మంచం మొత్తం, బకెట్ పెట్టిన చోటు, కిటికీ సగం కనిపిస్తున్నాయి. బకెట్ కెమెరాకి కనపడే చోటే ఉంది. ఆ దారి మూసుకుపోయింది.

వీధి తలుపు తాళాలు ఎన్ని అని అడిగాను. మూడు. ఆయమ్మ దగ్గర ఒకటి, తన దగ్గర ఒకటి, మొగుడి దగ్గర ఒకటి. డాబా మెట్లు ఇంటి వెనక నుంచి ఉన్నాయి. పైన నిద్రపోయే మనిషికి వీధి తలుపు తీసిన చప్పుడు వినపడదు. ఆఫీసు నుంచి ఇంటికి స్కూటర్ మీద ఇరవై నిమిషాలు. మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి కొడుకు ఆఫీసులో హాజరు మెషీన్ మీద వేలు పెట్టాడు. ఆ తర్వాత సైట్లు చూడ్డానికి బయటికి వెళ్తాడో, కేబిన్‌లో తలుపేసుకుని కూర్చుంటాడో అడిగేవాళ్లు లేరు. ఇవన్నీ నిన్ననే కనుక్కున్నాను. ఇంకొకటి కూడా కనుక్కున్నాను. వేరే ఊరికి ప్రమోషన్ మీద బదిలీ అతనికి రెండుసార్లు వస్తే రెండుసార్లూ తండ్రి మంచం మీద ఉన్నాడని వదులుకున్నాడు. మూడోసారి ఆర్డరు సోమవారం వచ్చింది. ఒప్పుకోవడానికి గడువు బుధవారం. బుధవారం ఒప్పుకున్నాడు.

అయితే అనుమానం వేరు, రుజువు వేరు. అతను గదిని చూశాడు. కెమెరాలో కాకుండా కళ్లతో చూశాడని నేను ఎలా చెప్పాలి?

కెమెరాలో రికార్డు ఏమీ ఉండదా అని టీచరమ్మను అడిగాను. ఉండదంది. చవక రకం, పాతది, కార్డు పెట్టే చోటు కూడా లేదు. ఆ క్షణం కనపడేది చూడ్డమే. దానికి కంపెనీ వాళ్ల యాప్ కూడా ఏదీ లేదు. ఇంట్లో ఉంటే సరే, ఆఫీసు నుంచి చూడాలంటే మాత్రం రౌటర్‌లో దారి పెట్టుకోవాలి. ఆ దారి తనే పెట్టింది, ఎనిమిది నెలల కిందట. దాన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారని చెప్పింది.

నాకు యాభై ఎనిమిదేళ్లు, నాకు అర్థమయ్యేట్టు చెప్పమన్నాను. పిల్లలకి చెప్పీ చెప్పీ అలవాటైన మనిషి కదా, హాల్లో చెక్క అల్మరా మీదున్న రౌటర్‌ని చూపిస్తూ చక్కగా చెప్పింది. ఇంట్లో వైఫై వాడే ప్రతి వస్తువుకీ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది. గదులకి నంబర్లు వేసినట్టు అనుకోవాలి. ఫోన్‌కి ఒకటి, టీవీకి ఒకటి, ప్రింటర్‌కి ఒకటి, కెమెరాకి ఒకటి. బయటివాళ్లకి ఈ గదులేవీ కనపడవు, ఒక్క వీధి గుమ్మమే కనపడుతుంది. గుమ్మంలో కాపలావాడు రౌటర్. ఎవరొచ్చి పిలిచినా పలకడు. ‘ఫలానా మాట చెప్పి వచ్చినవాణ్ణి ఐదో గదికి పంపు’ అని మనం ముందే చెప్పి పెడితే మాత్రం పంపుతాడు. ఐదో గదిలో కెమెరా ఉంటుంది. ఆఫీసులో ఫోన్ తెరిస్తే బొమ్మ వస్తుంది.

“ఐదో గదిలో ఎప్పుడూ కెమెరానే ఉంటుందా?” అన్నాను.

ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంది, విప్పింది.

“ఉండదు మేడమ్. కెమెరాకి ఒక నంబరు శాశ్వతంగా కట్టేసే ఆప్షన్ ఉంది. నేను కట్టలేదు. కరెంటు పోయి వస్తే రౌటర్ అన్నీ మర్చిపోతుంది. ముందు లేచినదానికి ముందు నంబరు ఇచ్చుకుంటూ పోతుంది. ముందు చెప్పి పెట్టిన మాట మాత్రం మర్చిపోదు. కెమెరా ఏడో గదిలోకి మారినా, వచ్చినవాళ్లని ఐదుకే పంపుతుంది. అప్పుడు నేను కూర్చుని నంబరు మార్చాలి.”

మంగళవారం కరెంటు పోయిందన్న ముక్క అప్పుడు నా బుర్రలో వెలిగింది. ఏసీ కారింది అందుకే, బకెట్ వచ్చింది అందుకే. రౌటర్ పేజీ తియ్యమన్నాను. ఆమె లాప్‌టాప్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, పాస్‌వర్డ్ కొట్టింది. ఆ పాస్‌వర్డ్ ఇంట్లో తనకు తప్ప ఎవరికీ తెలియదట.

మొదటి పేజీలోనే ఉంది. రౌటర్ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో లెక్క: మూడు రోజులు, మూడు గంటలు, ఇరవై నిమిషాలు. నా వాచీలో టైం మూడూ రెండు. వెనక్కి లెక్క పెట్టాను. మంగళవారం పొద్దున పదకొండూ నలభై రెండు. కరెంటు వచ్చిన టైం. అప్పటి నుంచి రౌటర్‌ని ఎవరూ ఆపలేదు, నంబర్లు మారలేదు.

చెప్పి పెట్టిన మాట చూపించమన్నాను. బయటి నుంచి వచ్చినవాళ్లని ఐదుకి పంపమని ఉంది. ఎవరు ఏ గదిలో ఉన్నారో చూపించమన్నాను. కెమెరా ఏడులో ఉంది. ఐదులో ప్రింటర్ ఉంది.

నా ఫోన్‌లో వైఫై ఆపేసి, సిమ్ డేటా మీద, అతను ఆఫీసు నుంచి తెరిచే అడ్రసే కొట్టించాను. కొడుకు బయటి నుంచి చూస్తే ఏం కనపడేదో నాకూ అదే కనపడాలి. తెల్లటి పేజీ వచ్చింది. పైన ప్రింటర్ మోడల్ పేరు, దాని కింద ఎర్రక్షరాల్లో ఒకటే మాట: కాగితం అయిపోయింది.

మంగళవారం మూడూ పదికి కొడుకు ఆఫీసులో కూర్చుని చూసి ఉంటే చూసింది ఇదే. తండ్రీ లేడు, ఆయమ్మా లేదు, బకెట్టూ లేదు. ఒక ప్రింటర్ కాగితాల కోసం అడుక్కుంటూ ఉంది. నాకు నవ్వు ఆగలేదు. టీచరమ్మ నవ్వలేదు. ప్రింటర్ వైపు కూడా చూడలేదు. ఆమెకు షాక్ అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోతున్నప్పుడు ఎదుటివాళ్ల ముఖాలు నాకెక్కడ కనపడతాయి?

అప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ పేజీలన్నీ ఒక్కొక్కటే ఫోటో తీసి, ఇద్దరు పక్కింటివాళ్లని పిలిచి, టైం వేసి సంతకాలు పెట్టించాలి. కొత్తగా చేరిన కానిస్టేబుల్‌కి కూడా తెలుసు ఆ సంగతి. నేను అది చెయ్యలేదు. నా శిష్యుడికి ఫోన్ చేశాను. ఆ పేజీ చూసినప్పుడు వాడి ముఖం ఎలా మాడిపోతుందో చూడాలన్న ఆబ నాది. కొడుకుని కూడా వెంటబెట్టుకుని రమ్మన్నాను.

మూడున్నరకి జీపు వచ్చింది. శిష్యుడు, ఒక కానిస్టేబుల్, కొడుకు. కొడుక్కి నలభై ఉంటాయి. గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి. చూస్తే జాలి వేస్తుంది, వేసింది కూడా. కుర్చీ చూపించి, మంగళవారం సంగతి మళ్లీ ఒకసారి చెప్పమన్నాను. కేబిన్‌లోనే ఉన్నానన్నాడు. సొంత ఫోన్‌లో, సిమ్ డేటా మీద చూశానన్నాడు. పొద్దుటి నుంచి అదే మొదటిసారి చూడ్డమన్నాడు. బొమ్మ రావడానికి ఇబ్బంది పెట్టిందా అన్నాను. లేదు, వెంటనే వచ్చింది, స్పష్టంగా ఉంది అన్నాడు. బదిలీ మాట ఎత్తితే, దానికీ దీనికీ ఏం సంబంధమని నా మీద గొంతు పెంచాడు.

నేను లాప్‌టాప్ అటు తిప్పాను. కాపలావాడి కథ, ఐదో గది, ఏడో గది, పదకొండూ నలభై రెండు, అన్నీ చెప్పాను. నాలుగు నిమిషాలు పట్టింది. బకెట్‌ని మీరు చూశారు, మీ కళ్లతో చూశారు, ఎందుకంటే ఇంకో దారి లేదు అని ముగించాను. కొడుకు నన్ను చూడలేదు, లాప్‌టాప్‌ని చూడలేదు. పెళ్లాం వైపు చూశాడు. ఆమె టేబుల్ మీద ప్లాస్టిక్ గుడ్డ సరిచేస్తోంది.

శిష్యుడు రెండుసార్లు చదివాడు. వాడు మొద్దు కాదు, నేను మొద్దులకి పాఠాలు చెప్పలేదు. వాడికి అర్థమైందని వాడి చెవులు ఎర్రబడడం చూస్తే తెలిసింది. ఐదింటికి కోర్టులో నిలబెట్టాల్సిన మనిషి, పై అధికారికి పంపేసిన రిపోర్టు, పొద్దున పేపరులో పడ్డ తన ఫోటో, అన్నీ ఒక్క పేజీలో కొట్టుకుపోతున్నాయి.

“ఇంత పెద్ద సాక్ష్యం అల్మరా మీద వదిలేస్తే ఎలా, గురువు గారూ? సీజ్ చెయ్యాలి కదా,” అని కానిస్టేబుల్‌కి కళ్లతో సైగ చేశాడు.

వద్దు, ముట్టుకోవద్దు అని నేను లేచేలోపే కానిస్టేబుల్ చెయ్యి ప్లగ్ మీద పడింది. రౌటర్ మీద పచ్చ లైట్లు నాలుగూ ఒక్కసారే ఆరిపోయాయి. మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టరా అని నేను అరిచాను. అతను బెదిరిపోయి మళ్లీ పెట్టాడు. లైట్లు ఒక్కొక్కటే వెలగడానికి రెండు నిమిషాలు పట్టింది.

పేజీ తిరిగి వచ్చింది. నడుస్తున్న కాలం: ఒక నిమిషం. మూడు రోజుల లెక్క పోయింది. నంబర్ల జాబితా కొత్తగా తయారైంది. ఈసారి ముందు లేచిన వస్తువులు వేరు. ప్రింటర్‌కి మూడు. కెమెరాకి ఐదు.

నా ఫోన్ ఇంకా సిమ్ డేటా మీదే ఉంది. శిష్యుడు దాన్ని నా చేతిలోంచి మర్యాదగా తీసుకుని, అదే అడ్రస్ మళ్లీ తెరిచి నా ముందు పెట్టాడు. పెద్దాయన గది, ఖాళీ మంచం, కిటికీ సగం, అన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి.

బొమ్మ బాగానే వస్తోంది కదా, మీకెందుకు రాలేదో మరి, అన్నాడు. కావాలని చేయించాడా, నిజంగా తెలియక చేయించాడా అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినా ఏం లాభం? ఫోటో తియ్యనిది నేను. వాడి ముఖం చూడాలని ఒక నిరపరాధి మెడ పణంగా పెట్టింది నేను. వాడు నా మీద రాసిన అబద్ధపు రిపోర్టు కన్నా ఇది పెద్ద తప్పు, పైగా ఇది నిజం.

నాలుగవుతోంది. ఆయమ్మను కోర్టుకి బయల్దేరదీయమని శిష్యుడు స్టేషన్‌కి ఫోన్ చేశాడు. కొడుకు లేచి చొక్కా సర్దుకున్నాడు, అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి. నేను పేజీ చూశానని సాక్ష్యం చెబుతానన్నాను. సాక్షుల్ని బెదిరించే మాజీ పోలీసు మాట ఎవరు వింటారని శిష్యుడు నవ్వకుండానే అడిగాడు.

“నేనూ చూశాను,” అంది టీచరమ్మ.

అందరం అటు తిరిగాం. ఆమె కూర్చోలేదు. రెండు చేతులూ టేబుల్ మీద ఆనించి, నా వైపు గానీ మొగుడి వైపు గానీ చూడకుండా మాట్లాడింది.

“ఇప్పుడు మేడమ్‌తో కలిసి చూడ్డం కాదు. మంగళవారం సాయంత్రమే చూశాను. ఈయన కెమెరాలో చూశానని మీతో చెబుతుంటే నేను వంటింట్లో ఉన్నాను. మీరు అటు వెళ్లగానే పేజీ తీశాను. ఐదులో ప్రింటర్ ఉంది. మార్చేద్దామని నంబరు కూడా కొట్టాను. సేవ్ నొక్కడానికి చెయ్యి రాలేదు.”

భర్త ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఊరుకోమన్నాడు. ఆమె ఊరుకోలేదు.

“ఎనిమిది నెలల్లో కరెంటు ఎన్నిసార్లు పోయిందో నాకు తెలుసు. పోయిన ప్రతిసారీ ఆయన నాకు ఫోన్ చేస్తారు. బొమ్మ రావట్లేదు, సరిచెయ్యి అంటారు. క్లాసులో ఉన్నా బయటికొచ్చి ఎత్తుతాను. ఒక్కసారి కూడా తప్పలేదు. మంగళవారం ఫోన్ రాలేదు.”

ఆ నంబరు శాశ్వతంగా కట్టెయ్యడం ఒక్క నిమిషం పని కదా, ఎందుకు కట్టలేదు అని శిష్యుడు అడిగాడు. వాడు అడగాల్సిన ప్రశ్నే. నేను ఇందాక అడగని ప్రశ్న.

“కట్టేస్తే ఇంక ఫోన్ ఎందుకు చేస్తారు?” అంది. “రోజు మొత్తంలో నాతో ఆయన మాట్లాడేది అదొక్కటే.”

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కూడా. మూడు రోజులుగా అన్నీ తెలిసి, ఆ మాట తన నోటితో అనలేక, వేరే ఎవరో వచ్చి కనిపెట్టి చెప్పాలని నన్ను తెచ్చుకుంది. ఆ మూడు రోజులూ ఆయమ్మ లాకప్ గచ్చు మీద పడుకుంది. ఆ మాట మొహం మీదే అన్నాను. ఆమె తల ఊపింది, కాదనలేదు.

అప్పుడు భర్త నోరు విప్పాడు. కోపంగా కాదు. నిజంగానే అర్థం కాక అడుగుతున్నట్టు అడిగాడు.

“ఆ రోజు పొద్దున నాన్నకి పక్క మారుస్తూ, ఇంకెన్నాళ్లండీ మనకీ ఖర్మ అన్నది నువ్వు కాదా?”

శిష్యుడి చేతిలో ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. అవతల ఎవరో హలో హలో అంటున్నారు. ఆయమ్మను బండి ఎక్కించవద్దని చెప్పి పెట్టేశాడు. జేబులోంచి పుస్తకం తీశాడు, పెన్ను తీశాడు. నా వైపు చూడకుండా కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. సాక్షిని ఎదురుగా కూర్చోబెట్టి, కళ్లెత్తకుండా, మెల్లగా రాసుకోవాలి. నేను నేర్పినట్టే కూర్చున్నాడు.

“అన్నాను,” అంది ఆమె మొగుడితో. “ఒక్క ఆ రోజేంటి, రోజూ అన్నాను.” ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. “అది కూడా రాసుకోండి సార్.”